రూమ్మేట్‌కి పాఠం చెబితే నా టైమ్ పోతోందా?

ప్రశ్న: నేను అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి తెలంగాణ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. బీకాం చదివాను కాబట్టి మా రూమ్‌లో ఎకానమీ నాకే కాస్త తేలిక. మిగతా ఇద్దరూ బీఎస్సీ వాళ్లు. రాత్రి భోజనాలయ్యాక ఏదో ఒక డౌట్ పట్టుకొస్తారు. చెప్తూ కూర్చుంటే గంటన్నర ఇట్టే అయిపోతుంది. ఈ సంగతి ఫోన్లో చెబితే మా అక్క, 'నీ పోస్టుకు పోటీ వచ్చేవాళ్లకు నువ్వే పాఠాలు చెప్తున్నావా?' అని తిట్టింది. మొన్న రెపో రేటు గురించి చెప్తుంటే ఒకమ్మాయి, 'రెపో పెంచితే టమాటా ధర ఎలా తగ్గుతుంది? టమాటాలు ఎవరూ లోను పెట్టి కొనరు కదా' అంది. నాకు నోరు పెగల్లేదు. ఎన్నోసార్లు చదివిన చాప్టర్ అది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్, అసలు నాకేమైనా వచ్చా అని. ఇంకోపక్క వాట్సాప్‌లో ఒక పిరమిడ్ బొమ్మ వచ్చింది, ఇతరులకు చెబితే 90 శాతం గుర్తుంటుందట. అది నిజమేనా? మాది ఎలాగూ ఆబ్జెక్టివ్ పరీక్షే, వివరించి రాసేదేమీ లేదు. చెప్పడం మానేయమంటారా? దసరాకి ఊరెళ్లి కొన్నాళ్లు ఉంటాను. అక్కడ అమ్మ తప్ప వినేవాళ్లు లేరు. అమ్మకు పొదుపు సంఘం లెక్కలు తప్ప ఇవేవీ తెలియవు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మానేయొద్దు. గంటన్నర మాత్రం ఎక్కువే, దాన్ని తగ్గించుకోవచ్చు. ఎలాగో తర్వాత చెప్తాను. ముందు ఆ టమాటా సంగతి తేల్చుకుందాం, మీ ఉత్తరంలో అసలు విషయం దాని దగ్గరే ఉంది.

రెపో రేటు పెంచితే ఏం జరుగుతుందో మీకు వరసగా వచ్చు. రిజర్వు బ్యాంకు దగ్గర బ్యాంకులు తెచ్చుకునే అప్పు ఖరీదవుతుంది. బ్యాంకులు మనకిచ్చే లోన్ల మీద వడ్డీ పెంచుతాయి. ఇల్లు, కారు కొందామనుకున్నవాళ్లు, యంత్రాలు తెచ్చి ఫ్యాక్టరీ పెంచుదామనుకున్నవాళ్లు కాస్త ఆగుతారు. గిరాకీ తగ్గుతుంది, ధరలు పెరిగే వేగం తగ్గుతుంది. గైడ్‌లో ఇది బాణం గుర్తులతో నాలుగు లైన్లలో ఉంటుంది. మీ రూమ్మేట్ ఆ బాణాల్లో ఒకదాన్ని పట్టుకుని, ఇది టమాటాకు వర్తిస్తుందా అని అడిగింది. వర్తించదు. ఆమె అనుమానమే కరెక్టు.

2023 వేసవి దాటాక టమాటా కొన్నిచోట్ల కిలో 200 రూపాయలు దాటడం మీకు గుర్తుండే ఉంటుంది. జనం చేతిలో డబ్బు ఎక్కువై అప్పుడు టమాటాల మీద పడలేదు. పంట దెబ్బతిని మార్కెట్‌కి సరుకు రాలేదు, అంతే. ఆ జులైలో దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం, అంటే జనం కొనే సరుకుల ధరలు పెరిగే వేగం, 7.44 శాతానికి ఎగబాకింది. రిజర్వు బ్యాంకుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వరకు ఫర్వాలేదు. అంటే పై గీత కూడా దాటేసింది. అయినా ఆ ఆగస్టులోనూ అక్టోబరులోనూ రెపో రేటును నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ దాన్ని 6.5 శాతం దగ్గరే ఉంచింది. కూరగాయల ధర కొత్త పంట వచ్చేసరికి తనంతట తానే దిగుతుంది. వడ్డీ పెంచినంత మాత్రాన టమాటా మొక్క త్వరగా కాయదు. సెప్టెంబరుకల్లా ద్రవ్యోల్బణం 5 శాతం దరిదాపులకు వచ్చేసింది. మరి రిజర్వు బ్యాంకు ఆహార ధరలను అసలు పట్టించుకోదా అంటే, పట్టించుకుంటుంది. కూరగాయల మంట ఎక్కువకాలం ఉంటే హోటల్ వాడు ప్లేటు ధర పెంచుతాడు, కూలీలు ఎక్కువ కూలి అడుగుతారు, మిగతా ధరలూ ఎక్కుతాయి. ఆ రెండో విడత పెరుగుదలకు భయపడే రేటు తగ్గించకుండా కూర్చుంటుంది.

ఇప్పుడు మీ గైడ్ తీసి చూడండి. గిరాకీ వల్ల వచ్చే ద్రవ్యోల్బణం, సరఫరా దెబ్బతిని వచ్చే ద్రవ్యోల్బణం అని రెండు రకాలు ఒక పేజీలో ఉంటాయి. రెపో రేటు ఇంకో చాప్టర్లో ఉంటుంది. రెండూ మీరు చదివారు. ఆ రెండు పేజీలను కలిపి ఆలోచించాల్సిన అవసరం మాత్రం మీకు ఎప్పుడూ రాలేదు. ఆ అమ్మాయి ఒక్క ప్రశ్నతో కలిపింది. మీరు ఆ చాప్టర్‌ను ఇంకోసారి తిరగేసినా ఈ ఖాళీ కనపడేది కాదు. చదివిన పేజీ మళ్లీ చూస్తే ప్రతి వాక్యం పరిచయమైన ముఖంలా కనిపిస్తుంది, పరిచయం ఉంది కాబట్టి వచ్చేసిందనుకుంటాం.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. యేల్ యూనివర్సిటీలో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు 2002లో ప్రచురించిన ప్రయోగాలు ఉన్నాయి. జిప్పు, తాళం, టాయిలెట్ ఫ్లష్ లాంటి రోజూ వాడే వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంత తెలుసో మార్కులు వేసుకోమన్నారు. అందరూ బాగానే వేసుకున్నారు. తర్వాత, అది ఎలా పనిచేస్తుందో ఒక్కో మెట్టూ వివరంగా రాయమన్నారు. రాయడం మొదలుపెట్టాక చాలామందికి మధ్యలో ఆగిపోయింది. మళ్లీ మార్కులు వేసుకోమంటే తగ్గించుకున్నారు. వాళ్ల తెలివి ఆ పది నిమిషాల్లో తగ్గలేదు కదా, ముందు వేసుకున్న మార్కులే ఎక్కువ. మీకు జరిగిందీ అదే. ఆ రాత్రి మీ దగ్గరున్నదేదీ పోలేదు, ముందునుంచీ లేనిదేదో బయటపడింది. పరీక్ష హాల్లో కాకుండా హాస్టల్ మంచం మీద బయటపడింది కాబట్టి దానికి టెన్షన్ పడటం దండగ.

ఆబ్జెక్టివ్ పరీక్షకు ఇదంతా ఎందుకన్నారు. ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను, ఒప్పుకోను. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. 'కింది వాక్యాల్లో సరైనవి ఏవి' అనే రకం ప్రశ్నలు ఎన్ని వస్తున్నాయో పాత పేపర్లు తిప్పితే తెలుస్తుంది. 'ద్రవ్యోల్బణం రేటు 8 నుంచి 4 శాతానికి తగ్గితే సాధారణ ధరల స్థాయి తగ్గినట్టు' అని ఒక వాక్యం ఇస్తారనుకోండి. చదువుతుంటే ఒప్పే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 100 రూపాయల సరుకు మొదటి ఏడాది 108 అయింది. రెండో ఏడాది 4 శాతమే పెరిగింది, 112 రూపాయల 32 పైసలైంది. పెరగడం నెమ్మదించింది గానీ ధర ఎక్కడా తగ్గలేదు. ఈ తేడా ఒకసారి ఎవరికైనా నోటితో చెప్పి, 'మరి టీవీలో ద్రవ్యోల్బణం తగ్గిందంటారు, మన కిరాణా బిల్లు ఎందుకు తగ్గదు?' అని వాళ్లు అడిగితే జవాబిచ్చిన మనిషి హాల్లో ఆ వాక్యం దగ్గర ఆగి ఆలోచిస్తుంది. ఊరికే చదివిన మనిషి టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతుంది.

ఇక ఆ పిరమిడ్. నమ్మకండి. చదివితే 10 శాతం, వింటే ఇంత, చూస్తే ఇంత, ఇతరులకు చెబితే 90 అని ఉంటుంది కదా, ఆ అంకెలకు వెనక ఏ పరిశోధనా దొరకలేదు. ఎడ్గార్ డేల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1946లో బోధనా సాధనాల గురించి ఒక శంఖువు బొమ్మ గీశాడు, అందులో ఒక్క శాతం కూడా లేదు. తర్వాత ఎవరెవరో అంకెలు చేర్చి ఆయన పేరు తగిలించారు. మనిషి జ్ఞాపకం అలా పదుల లెక్కన కచ్చితంగా విడిపోతుందంటేనే అనుమానం రావాలి. ఆరేళ్ల పిల్లాడికి వివరించలేకపోతే నీకే అర్థం కానట్టు అని ఐన్‌స్టీన్ అన్నాడంటూ తిరిగే కొటేషన్ కూడా ఈ బాపతే, ఆయన అన్నట్టు ఆధారం లేదు. మంచి విషయానికి దొంగ సర్టిఫికెట్లు ఎందుకో నాకు అర్థం కాదు, అసలువి ఉండగా.

అసలువి ఇవీ. కాలిఫోర్నియాలో ఫియోరెల్లా, మేయర్ 2013లో విద్యార్థులకు డాప్లర్ ఎఫెక్ట్ పాఠం ఇచ్చారు. అంబులెన్స్ దగ్గరికొస్తుంటే సైరన్ సన్నగా, దాటిపోయాక బొంగురుగా ఎందుకు వినిపిస్తుందనే పాఠం. కొందరిని ఇతరులకు చెప్పడానికి సిద్ధం కమ్మని, అంతటితో ఆపారు. కొందరిచేత నిజంగానే కెమెరా ముందు చెప్పించారు. వారం తర్వాత పరీక్ష పెడితే నిజంగా చెప్పినవాళ్లదే పైచేయి. చెప్పాలి అనుకుని చదవడం కూడా కొంత పనికొస్తుందని వేరే ప్రయోగాల్లో తేలింది గానీ, వారం నిలవాలంటే నోరు తెరవాల్సిందే అన్నమాట.

మీకు ఎక్కువ పనికొచ్చేది మాత్రం సింగపూర్ వాళ్లు 2018లో ప్రచురించిన ప్రయోగం. వాళ్లు ఒక కొంటె ప్రశ్న వేసుకున్నారు. చెప్పడం వల్ల లాభం వస్తోంది సరే, అది చెప్పడం వల్లా, లేక చెప్పేటప్పుడు పుస్తకం చూడకుండా గుర్తుకు తెచ్చుకోవడం వల్లా? అందుకని ఒక గుంపు నోట్స్ లేకుండా పాఠం చెప్పింది. ఇంకో గుంపు రాసిచ్చిన పాఠాన్ని చూసి చదువుతూ చెప్పింది. మూడో గుంపు ఎవరికీ చెప్పకుండా, చదివినదంతా గుర్తుకు తెచ్చుకుని రాసింది. నాలుగో గుంపు సంబంధం లేని లెక్కలు చేసుకుంది. వారం తర్వాత చూస్తే నోట్స్ లేకుండా చెప్పినవాళ్లు, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ఇద్దరూ ముందున్నారు. చూసి చెప్పినవాళ్లకూ లెక్కలు చేసుకున్నవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

అందుకే అడుగుతున్నాను, రాత్రి మీరు డౌట్లు చెప్పేటప్పుడు గైడ్ ఒళ్లో తెరిచే ఉంటుందా? ఉంటే ఆ గంటన్నరలో లాభం మీ రూమ్మేట్స్‌కే ఎక్కువ, మీ అక్క కోపంలో కొంత న్యాయం ఉంది. పుస్తకం మూసి చెబితే లెక్క మారిపోతుంది.

ఇక్కడ చిన్న పాత కథ, మన ప్రాంతానిదే. మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఊళ్లలో బడులు ఎలా ఉన్నాయో కలెక్టర్లందర్నీ రిపోర్టు అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. ఇప్పటి అనంతపురం సీమ కూడా అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. తెలుగుకు ఇంగ్లిషులో వ్యాకరణం రాసి 1816లో అచ్చు వేయించిన క్యాంప్‌బెల్ ఈయనే కాబట్టి, మన వీధిబడుల్లో ఏం వల్లిస్తున్నారో విని అర్థం చేసుకోగల మనిషి. ఆ రిపోర్టులో ఆయన ఒకదాన్ని గట్టిగా మెచ్చుకున్నాడు, ఒకదాన్ని గట్టిగా తిట్టాడు. మెచ్చుకున్నది, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించే పద్ధతిని. దానివల్ల చెప్పే పిల్లల చదువు కూడా గట్టిపడుతోందనీ, ఇంగ్లండులో దీన్ని అనుకరించడం సబబేననీ రాశాడు. అప్పటికే ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో పిల్లలచేత పిల్లలకు చెప్పించి, 1797లో లండన్‌లో పుస్తకం వేసి, మద్రాసు పద్ధతి అన్న పేరుతో దాన్ని అక్కడ పాకించాడు. ఇక క్యాంప్‌బెల్ తిట్టింది, పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెబుతారు గానీ వాటి అర్థం చిలక్కి ఎంత తెలుసో వాళ్లకూ అంతే తెలుసని. రెండూ అవే బడులు, అదే రిపోర్టు. ఇతరులకు చెప్పించినంత మాత్రాన అర్థమైపోదన్నమాట. ఒకరి చిలకపలుకులు ఇంకొకరికి అప్పజెప్పడం కూడా చెప్పడమే కదా మరి.

చిలకపలుకుల ప్రమాదం చదువుకున్నవాళ్లకే ఎక్కువ. రాస్కో, చీ అనే ఇద్దరు తోటివాళ్లకు ట్యూషన్ చెప్పే విద్యార్థుల మీద జరిగిన పరిశోధనలన్నీ 2007లో ఒకచోట చేర్చి చూశారు. చెప్పేవాళ్లలో ఎక్కువమంది తమకు తెలిసింది గడగడా చెప్పుకుపోతారు తప్ప, చెబుతూ చెబుతూ ఆలోచించరని తేలింది. వాళ్లు ఆలోచనలో పడేది ఎక్కువగా వినేవాళ్లు లోతైన ప్రశ్న వేసినప్పుడే. మనవాళ్లు ఊరికే అనలేదు, చెప్పేవాడికి వినేవాడు లోకువ అని. మీ విషయంలో వినేవాళ్లను లోకువ చేస్తే నష్టం మీకే. టమాటా ప్రశ్న వేసిన అమ్మాయిని వదులుకోకండి. 'ఆ... ఆ... అర్థమైంది' అని తలూపే అమ్మాయి ఎంత మంచిదైనా మీకు ఉపయోగం తక్కువ.

ఇప్పుడు గంటన్నర సంగతి. రోజూ అరగంట దాటనీయకండి. డౌట్లన్నీ కాకుండా ఒకే టాపిక్ అనుకోండి, రాత్రికి ఏ టాపికో వాళ్లకు పొద్దున్నే చెప్పేయండి, వాళ్లు కూడా ఒకసారి చదివి రావాలి. చదవకుండా వచ్చి మొత్తం చెప్పించుకునేవాళ్లకు మీరు కోచింగ్ సెంటర్ కాదు, ఆ మాట నవ్వుతూనే చెప్పొచ్చు. కూర్చున్నాక పుస్తకాలు మూసేయాలి, తెల్లకాగితం, పెన్ను ఉంటే చాలు. మీరు చెప్తుంటే వాళ్లు 'ఎందుకు', 'అలా కాకపోతే ఏమయ్యేది', 'ఉదాహరణ చెప్పు' అని ఎక్కడైనా ఆపొచ్చు. ఆగిపోయిన చోట అక్కడికక్కడే గైడ్ తెరవకండి, ఫోన్ అసలే వద్దు, ఫోన్ తెరిస్తే రెపో రేటు దగ్గర మొదలై ఎక్కడ తేలతారో మీకూ తెలుసు. ఒక నిమిషం బుర్రకు పని చెప్పండి. రాకపోతే కాగితం మీద ఆ ప్రశ్న రాసి, 'ఇది చూసి చెప్తా' అని ముందుకెళ్లండి. పడుకునేముందు లేదా మర్నాడు చిక్కడపల్లి లైబ్రరీలో ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వెతకండి. సాయంత్రం ఆ ముక్క ఒక్కటే మళ్లీ చెప్పండి. అసలు చదువంతా ఆ కాగితం మీదున్న ప్రశ్నల్లోనే ఉంటుంది. నన్నడిగితే నోట్స్ కంటే ఆ కాగితాలు దాచుకోవడం మేలు.

వంతులు వేసుకోండి. ఎకానమీ మీరు చెబితే, సైన్స్ అండ్ టెక్నాలజీ వాళ్లు చెప్పాలి. వాళ్లు బీఎస్సీ కదా. అప్పుడు మీరు ప్రశ్నలు అడిగే పనిలో ఉంటారు, అదీ తక్కువ పనేం కాదు. ఇంకొకటి, బాగా వచ్చిన చాప్టరే పదేపదే చెప్పే అలవాటు పడుతుంది జాగ్రత్త. పొగడ్తలు దొరుకుతాయి గానీ కొత్తగా ఏమీ రాదు. తప్పు చెప్పే ప్రమాదం కూడా ఉంది. ధైర్యంగా తప్పు చెప్పి, విన్నవాళ్లు తలూపితే ఆ తప్పు మేకులా దిగబడుతుంది. అందుకే చెప్పడం పూర్తయ్యాక ఐదు నిమిషాలు పుస్తకం తెరిచి ముగ్గురూ సరిచూసుకోవాలి.

అన్ని సబ్జెక్టులకూ ఇది సమానంగా పనిచేయదు. పథకాలు, అవి మొదలైన తేదీలు, అవార్డులు, కమిటీల పేర్లు ఎవరికో వివరించడానికి ఏముంటుంది? వాటికి మిమ్మల్ని మీరు ప్రశ్నలు వేసుకుని పరీక్షించుకోవడమే దారి. ఇందాకటి యేల్ ప్రయోగాల్లో కూడా వస్తువుల పనితీరు దగ్గర మోసపోయినంతగా, దేశాల రాజధానుల్లాంటి వాటి దగ్గర జనం మోసపోలేదు. రాజధాని పేరు వస్తే వస్తుంది, లేకపోతే లేదు, అది మనకు వెంటనే తెలిసిపోతుంది.

పాలిటీలో మాత్రం తిరుగులేదు. ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు) గురించి 110వ అధికరణం, లోక్‌సభలోనే ప్రవేశపెట్టాలి, రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాలి, అది ద్రవ్య బిల్లా కాదా అన్నదానికి స్పీకరు మాటే ఫైనల్, ఉమ్మడి సమావేశం ఉండదు అని అందరికీ వచ్చు. ఒకరికి చెప్పండి చూద్దాం. 'రాజ్యసభకు 14 రోజులే ఎందుకు?' అంటారు. ఖజానా మీద పెత్తనం ప్రజలు నేరుగా ఎన్నుకున్న సభదే అనాలి. 'మరి మన శాసనమండలికి?' అంటారు. అక్కడా 14 రోజులే, 198వ అధికరణం. 'మామూలు బిల్లు మీద అసెంబ్లీ, మండలి కొట్టుకుంటే ఉమ్మడి సమావేశం పెడతారా?' పెట్టరు, రాష్ట్రాల్లో ఆ ఏర్పాటే లేదు, అసెంబ్లీ రెండోసారి ఆమోదిస్తే మండలి ఇంకో నెల మాత్రమే ఆపగలదు. ఎంత చదివినా కలిసిపోయే నాలుగైదు పాయింట్లు ఈ మూడు ప్రశ్నలతో విడివిడిగా నిలబడతాయి.

నాలుగో పేపరు, తెలంగాణ ఉద్యమం, అందరూ తేదీల పట్టికలా బట్టీ పడతారు. దాన్ని 'అందుకని' అనే మాటతో చెప్పి చూడండి. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో స్థానికులకు ఉద్యోగాల హామీ ఉంది, అది అమలు కాలేదు, అందుకని 1969 ఉద్యమం. 1972లో ముల్కీ నిబంధనలు (స్థానికులకే ఉద్యోగాలన్న పాత నియమాలు) చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది, అందుకని అటువైపు ప్రత్యేకాంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం. రెండువైపులా సర్దడానికి 1973లో ఆరు సూత్రాల పథకం, దానికోసం 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణం, దాని కింద ఉద్యోగాల్లో స్థానికులకు వాటా పెట్టిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఆ ఉత్తర్వుల్నీ ఉల్లంఘించారు, అందుకని ఆ ఉల్లంఘనలు సరిదిద్ది స్థానికేతరులను వెనక్కి పంపాలంటూ 1985 చివర్లో 610 జీవో. ఎక్కడైనా 'అందుకని' అనలేక ఆగిపోయారంటే ఆ రెండు సంఘటనల మధ్య మీరు చదవాల్సింది ఇంకా ఉందని అర్థం.

మీ అక్క భయానికి వద్దాం. 2022లో నోటిఫికేషన్ ఇచ్చిన గ్రూప్-2లో 783 పోస్టులకు 5 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఆ లక్షల్లో మీ రూమ్మేట్స్ ఇద్దరు. వాళ్లకు రెపో రేటు వచ్చినంత మాత్రాన మీ ర్యాంకు ఎక్కడికీ పోదు, మీకు రాకపోతే మాత్రం కచ్చితంగా పోతుంది. ఒకవేళ ఆఖరి పోస్టు దగ్గర మీరూ వాళ్లూ తలపడే రోజే వస్తే, ముగ్గురూ ఆ స్థాయికి చేరారనే కదా. అక్కతో ఈ అంకెలు చెప్పండి. ఆవిడ కోపం నిజానికి మీరు వెనకబడిపోతారేమోనన్న బెంగ కావచ్చు, అరగంటకు తగ్గించానని చెబితే సగం చల్లారుతుంది.

ఊళ్లో వినేవాళ్లు లేరన్నారు. ఎవరూ లేకపోతే ఫోన్లో రికార్డు చేసుకుంటూ చెప్పొచ్చు, తర్వాత విని ఎక్కడ నసిగారో చూసుకోవచ్చు. సింగపూర్ ప్రయోగంలో రాసినవాళ్లలాగా తెల్లకాగితం మీద రాసినా సరిపోతుంది. కానీ మీ ఇంట్లోనే అంతకంటే గట్టి శ్రోత ఉన్నారు. పొదుపు సంఘం లెక్కలు చూసే మనిషికి వడ్డీ తెలియదంటారేమిటి? ఆవిడకు శాతాల్లో తెలియకపోవచ్చు, నూటికి నెలకు ఎంత అన్న లెక్కలో మీకంటే బాగా తెలుసు. రెపో రేటు 6 శాతం అన్నారనుకోండి, అది ఏడాదికి. అమ్మ భాషలో నూటికి అర్ధ రూపాయి. ఈ మార్పు చేయగానే ఆవిడ వేసే ప్రశ్న నేను ఇక్కడి నుంచే చెప్పగలను. 'వాళ్లకు అర్ధ రూపాయికి దొరుకుతుంటే మనకు రూపాయికి ఎందుకిస్తున్నారు? రిజర్వు బ్యాంకు తగ్గించినప్పుడు మనకెందుకు తగ్గదు?'

దీనికి సిద్ధపడి వెళ్లండి. రెపో అనేది ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి బ్యాంకులు కొద్దికాలానికి తెచ్చుకునే అప్పు. మనకు అప్పిచ్చే డబ్బులో ఎక్కువ భాగం రిజర్వు బ్యాంకుది కాదు, మనలాంటి వాళ్ల డిపాజిట్లదే. వాటికి బ్యాంకు వడ్డీ కట్టాలి, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఒప్పుకున్న వడ్డీని మధ్యలో తగ్గించడానికి వీల్లేదు. పైన సిబ్బంది జీతాలు, ఎగవేతల నష్టం ఉంటాయి. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి లోన్లను రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది, కాబట్టి వాటికి మార్పు త్వరగా అందుతుంది. అదే ఫిక్స్‌డ్ రేటు మీద తీసుకున్న అప్పుకు అలా అందదు. సంఘం లోను ఏ రకంలోకి వస్తుందో, దాని వడ్డీ ఎవరు నిర్ణయిస్తారో అమ్మ పాస్‌బుక్కు, లోను కాగితాలు ముందేసుకుని ఇద్దరూ కలిసి చూడండి. స్వయం సహాయక సంఘాలకు బ్యాంకు అప్పు ఎలా అందుతుందో తెలిస్తే మీ ఎకానమీకీ పనికొస్తుంది.